మరియమ్మ చెప్పిన సాయంత్రం

1984 ఫిబ్రవరి, బుధవారం

వయోజన విద్య సూపర్‌వైజరు గారి కార్డు వచ్చింది. వచ్చే శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వచ్చి, మా ఆడవాళ్లకు చదువు వచ్చిందో లేదో చూస్తారట. ఎవరూ లేకపోతే కేంద్రం ఎత్తేస్తారట.

క్లాసులో చదివి వినిపించాను. బోర్డు మీద అప్పటికే ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అని రాసి ఉంది. మరియమ్మ నవ్వింది.

“నాలుగింటికి సాయంత్రం ఎట్టా అవుద్ది టీచరమ్మా? అప్పటికి మేం మిరప కల్లంలో తాలుకాయ ఏరతానే ఉంటాం.”

“మరి సాయంత్రమంటే ఎప్పుడు?”

“పొద్దుగూకినాక, ఇంటికొచ్చి ఎసరు పెట్టినాక.”

జవాబు నేను రాయబోతే కాగితం లాక్కుంది. అక్షరాలు వంకరే గానీ తప్పు ఒక్కటీ లేదు: “సారూ, మేము ఎసరు పెట్టాక రండి.” కింద పదకొండు మంది సంతకాలు. వేలిముద్ర ఒక్కటీ లేదు.

ఆయనకు కోపం వస్తే? రానీ. చదువొచ్చిందో లేదో ఆ కాగితమే చెబుతుంది.

పగలంతా ఎండుమిరపకాయలు ఏరిన చేతులవి. కాగితం మడుస్తుంటే నాకు ఒకటే తుమ్ములు. విప్పేటప్పుడు ఆయనకూ వస్తాయి.