గ్యాస్ వచ్చింది

చెల్లెలు గుల్నాజ్‌కు అక్క చాంద్బీ దీవెనలు. ఫోన్‌లో ఏడుస్తావని కార్డు రాస్తున్నాను. నా పేగులోని క్యాన్సర్ గడ్డ తీసేశారు. మందు మత్తుకు నాలుగు రోజులుగా ఆస్పత్రి మంచం మబ్బులా తేలుతోంది. డాక్టరు "గ్యాస్ వచ్చిందా అమ్మా?" అంటే, "బుక్ చేసినాం సార్, బండి ఇంకా రాలా" అన్నాను. నర్సు నవ్వి, "సిలిండర్ కాదు పిన్నీ, కడుపులోది. అది పోతేనే పేగు కదిలినట్టు. లేకుంటే మళ్లీ కోయాల" అంది.

ఈ పొద్దున కునుకులో మన కొమరోలు బస్సు హారన్ వినిపించింది. ఎక్కుదామని కళ్లు తెరిస్తే, ఆ మోత నాదే. వార్డంతా సంతోషపడింది. మధ్యాహ్నం గంజి ఇచ్చారు.

పొదగేసిన కోడి పిల్లల్ని లేపిందా? నీ పిల్లలకు నా ముద్దులు. గడ్డ రిపోర్టు ఇంకా రావాలి. అప్పటిదాకా అమ్మను దువా ఆపొద్దను. నేను గంజి ఆపను.