పలకకు పట్టిన తలనూనె

చిరంజీవి కోడలికి అత్తయ్య వేయి దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ నేనూ, మా అమ్మాయి, అదే మీ వదినా, క్షేమం. మీరిద్దరూ వేళకు తింటున్నారనే అనుకుంటున్నాను, అలా అనుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

నువ్వడిగినవాటికి జవాబు. దగ్గు తగ్గింది. కళ్ళజోడు మార్చాను. కొత్త గ్యాస్ పొయ్యంటే ఇంకా భయమే. ఆపేశాక కూడా లేచి లేచి చూస్తుంటే, "అదేం పులి కాదమ్మా, పడుకో" అంటుంది మీ వదిన. మోకాళ్ళ సంగతి చివర చెబుతాను.

నీ పని గురించి రాసింది కూడబలుక్కుని చదివాను. అద్దంలాంటి సిలికాన్ పలకను బాగా శుభ్రం చేస్తే, పైవరస పరమాణువులు పట్టుకోవడానికేమీ లేక చేతులు చాపుకుని ఉంటాయట. మీకు కావలసిన కర్బనం అణువులను తెచ్చి ఆ చేతులకు అందిస్తారట. ఒకసారి పట్టుకుంటే కడిగినా వదలవట. గట్టివే. గాలి తీసేసిన పెట్టెలో చేస్తామన్నావు, ఆ పెట్టెలోకి నువ్వు దూరవు కదా?

పోయిన నెల నీ మొగుడు ఫోనులో నోరుజారాడు. నేను మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే నీ తలకు నూనె పట్టించి జడ వేసేదాన్ని. నువ్వేమో పనిచోట స్నానాలగదిలో తల రుద్దుకుని, ఆరబెట్టుకుని, అప్పుడు లోపలికి వెళ్ళేదానివట. నూనె అంటిన వేలు తగిలితే చాలు, మీ అణువులకంటే ముందే నూనె వెళ్ళి పలకను పట్టేస్తుందట. సాయంత్రం నీ జుట్టు చూసి, "ఇదేం తలే, ఇసుక నేలలా ఎంత పోసినా తాగేస్తోంది" అని మర్నాడు ఇంకాస్త పోసేదాన్ని. నువ్వు "పొయ్యండత్తయ్యా, హాయిగా ఉంది" అనేదానివి.

నాకు జ్వరం వచ్చిన రోజు నా పక్కన కూర్చుని ఆలస్యమై, తల కడుక్కోకుండానే పనిలో దిగావట. ఎన్నాళ్ళగానో సిద్ధం చేసుకున్న పలక పాడైందట. మీ పెద్ద మేడమ్ కేకలేస్తే "పొరపాటు నాదే" అన్నావట గానీ, నా ఊసెత్తలేదట. మా అమ్మ కూడా నన్నింతగా వెనకేసుకురాలేదు తల్లీ.

ఇక అసలు మాట. వచ్చి మీతోనే ఉండిపోమంటే మోకాళ్ళ నొప్పులని రాశానే, అది అబద్ధం. మోకాళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. ఈ సంగతి తెలిశాక భయమేసింది. ఈసారి నా చేత్తో ఇంకేం పాడుచేస్తానో, నువ్వింకేం దాచుకుంటావో అని. మీ వదినకు చెబితే, "పిలిచింది ఆ పిల్ల. భయపడేది నువ్వా? నోరు మూసుకుని పెట్టె సర్దుకో" అంది.

సర్దుకున్నాను. మీ వదిన టికెట్ కూడా తీసింది. అయితే ఒక్క షరతు. నేను చేసేది నీ పనికి అడ్డమైతే, నా మొహం మీదే "వద్దత్తయ్యా" అనాలి. కన్నకూతురు నన్ను రోజూ అంటూనే ఉంది, నాకేమీ కాలేదు. నీకు నోరు రాదు కాబట్టి, నేను వచ్చేలోపు అద్దం ముందు నిలబడి అలవాటు చేసుకో.

ఇట్లు,
బయలుదేరిన నీ అత్తయ్య