చిన్నమ్మ తోమిన ఎలక్ట్రోడ్లు

పవర్ స్టేషన్ కాలనీ,
రాయచూరు జిల్లా,
4 ఆగస్టు 2008

చిరంజీవి రూపకు కృష్ణాబాయి చిన్నమ్మ ఆశీస్సులు.

ఫోనులో నా మాట పూర్తికాకముందే పెట్టేస్తావు, అందుకే ఉత్తరం. సెలవులకొచ్చి నువ్వు మా ఇంట్లో మరిచిపోయిన డబ్బా తెరిచి చూశాను. పన్నెండు జాలీ ముక్కలు, అన్నీ మసి పట్టి నల్లగా ఉన్నాయి. పెద్ద చదువు చదివే పిల్ల సామాన్లు ఇలాగా అని నాకే సిగ్గేసింది. చింతపండు, ఇటుకపొడి వేసి తోమాను. ఇప్పుడు తళతళలాడుతున్నాయి.

ఇట్లు,
నీ చిన్నమ్మ

తా.క.: పక్కింటి నింగమ్మకు చూపించాను. "మా స్టీలు గిన్నెలు గూడ గిట్ల మెరవవ్" అంది.

హాస్టల్, గుల్బర్గా,
8 ఆగస్టు

చిన్నమ్మకు నమస్కారం.

అవి నా ఎలక్ట్రోడ్లు, అది మసి కాదు! మాంగనీస్ ఆక్సైడ్ పూత. కంటికి కనబడనంత సన్నటి సూదుల్లా దాన్ని ఆ జాలీ మీద పెంచడానికి ఆరు నెలలు పట్టింది. కరెంటును దాచుకునేది ఆ నలుపే. దాన్ని నువ్వు మోరీలోకి కడిగేశావు. మా గైడు వాదిరాజ్ సారుకు ఇప్పుడేం చూపించను? నా పీహెచ్‌డీ సీటు పోతే ఏం చేయను?

రూప

తా.క.: ఆ డబ్బా మూతనైనా తోమకు.

కాలనీ, 13 ఆగస్టు

రూపమ్మా,

నా చేతులు విరిగిపోను. మీ చిన్నాయన షిఫ్టుకు పోతూ "కరెంటు తయారుజేసేటోని పెండ్లానివి, కరెంటును మోరీల పోస్తివి గద" అన్నాడు. కాలనీలో తలెత్తుకోలేకపోతున్నాను. నింగమ్మ ఎదురైతే పక్క సందులోకి తిరుగుతున్నాను. తప్పు నాది, నీ సీటు పోకూడదు. ఇరవై ఐదో తారీఖు సోమవారం వచ్చి వాదిరాజ్ సారు కాళ్లు పట్టుకుంటాను.

సిగ్గుతో,
చిన్నమ్మ

తా.క.: మోరీలో మట్టి ఒక సీసాకు ఎత్తిపెట్టాను. సారుకు పనికొస్తుందేమోనని తెస్తున్నాను.

హాస్టల్, 17 ఆగస్టు

చిన్నమ్మా,

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. నువ్వు తోమకముందే అవి చచ్చిన ముక్కలు. పదిసార్లు చార్జ్ చేసేసరికి పూత పట్టు వదిలేసింది. సారుకు చెప్పే ధైర్యం లేక డబ్బాను కావాలనే మీ ఇంట్లో వదిలేశాను. నువ్వు తోమావని తెలిసి ఎంత సంతోషించానో తలచుకుంటే నామీద నాకే అసహ్యమేస్తోంది. "మా చిన్నమ్మ పాడుచేసింది" అని సారుకు చెప్పాను. పాపమని, మళ్లీ చేయడానికి నెల గడువిచ్చారు.

నిన్న పొద్దున వెళ్లి నిజం చెప్పేశాను. సారు "పూత ఊడుడు తప్పు గాదమ్మా, అందరివి ఊడుతయ్. ఆమె మీద బెట్టుడే తప్పు" అన్నారు. గడువు మాత్రం వెనక్కి తీసుకోలేదు. దాంతో ఇంకా సిగ్గుగా ఉంది.

ఇరవై ఐదో తారీఖు తప్పకుండా రా. సారును బతిమాలడానికి కాదు, నన్ను తిట్టడానికి.

నీ రూప

తా.క.: ఈ ఉత్తరం చిన్నాయనకు, నింగమ్మకు గట్టిగా చదివి వినిపించు. నామీద జాలిపడి సగంలో ఆపేయకు.