తెర మీద నీ నడక

రూతమ్మా, మనమ్మాయి గీసిన బొమ్మల సినిమా తెర మీద ఆడిందే! అల్లవరం చర్చి హాల్లో తెల్లగుడ్డ కట్టి వేశారు. ఉన్నది మూడు నిమిషాలే గానీ, ఆ మూడు నిమిషాలూ నువ్వే!

"కళ్ళు పాడుచేసుకుంటోంది, ఈ గీతలు ఎవరు చూస్తారండీ?" అని పోయేముందు కూడా దిగులుపడ్డావు. జనం చూశారు! మళ్ళీ వెయ్యమన్నారు!

నల్లటి ఫిల్ము మీద సూదితో గీకి గీకి నిన్ను చేసింది. నువ్వొక్క అడుగు వెయ్యాలంటే ఇరవై బొమ్మలు గీకాలట. గీతలు వణుకుతుంటే మిషను పాడైందేమో అనుకున్నాను.

"కాదండి నాన్నగారూ, చేత్తో గీకితే ఏ రెండు బొమ్మలూ ఒక్కలా రావు కదండీ. ఆ వణుకే దానికి ప్రాణం" అంది.

నిజమే! మనింట్లో ఫొటోలో బిగుసుకుని నిలబడతావు. ఇక్కడ కాలవగట్టు మీద, ఒళ్ళంతా వెలుగుగీతలై, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నా వైపే నడిచొచ్చావు. బల్ల మీద కాస్త పక్కకి జరిగాను.

"ఎవరికండీ బాబాయ్‌గారూ చోటు?" అన్నాడు పక్కింటి డేవిడు.

"మీ పిన్నిగారికిరా."

"ఆయ్" అని వాడూ కాస్త జరిగాడు.

ఈ కబురు మనవాళ్ళందరికీ తెలియాలి. మస్కట్‌లో మీ తమ్ముడికి, నగరంలో మా చెల్లాయికి నేను చెబుతాను. అక్కడ నీతోపాటున్న మీ అమ్మగారికి, మా పెద్దన్నయ్యకి, అంతర్వేది అత్తయ్యకి నువ్వు చెప్పు.