టెస్టర్ కోసం వెతక్కు

నిచ్చెన రాణీ,

పట్నంలో వారం రోజులు క్రేనెక్కి దీపాలు కట్టి అలిసిపోయి వచ్చావని లేపలేదు. నీ దీపాలు చూడ్డానికి నేనూ పాపా పొద్దున రైలుకే పట్నం వెళ్తున్నాం. నీ మధ్యాహ్నం రైలు టికెట్ ఫ్రిజ్ మీద ఉంది. స్వెట్టరు, మేజోళ్ళు సర్దేశాను. గ్యాస్ కట్టేసి రా.

నీ సంచిలోంచి టెస్టర్ తీసి దాచేశాను. పోయినేడు క్రిస్మస్ దీపాలు చూద్దామని వెళ్ళి, వెలగని బల్బు ఒకటి కనబడిందని మమ్మల్ని చలిలో వదిలేసి పరిగెత్తావు. ఈసారి వీధి వీధంతా ఆరిపోయినా సరే, నువ్వు మా పక్కనే ఉండాలి.

వేళ్ళు కొంకర్లు పోయే చలిలో, అంత ఎత్తున ఆ నక్షత్రాలు ఎలా కట్టావో తలుచుకుంటేనే నాకు కళ్ళు తిరుగుతాయి. స్టూలెక్కమంటే వణికే మొగుణ్ణి మరి. గుంపులో ఎవరైనా "ఎంత బాగా కట్టారో" అంటే, "మా ఆవిడే!" అని అరుస్తాను. గిల్లకు.

చెప్పడం మరిచాను. "మా అమ్మ ఆకాశానికి దీపాలు కడుతుంది" అని పాప క్లాసంతా చాటింపు వేసింది. నమ్మనివాళ్ళకి ఫోటో తెస్తానని పందెం కూడా కాసింది. ఉత్త దీపాలుంటే చెల్లదట, కింద నువ్వుండాలట.