కవర్లో పెట్టిన ఓటు

బాలానగర్,
14-4-1977.

అమ్మకి పద్మావతి నమస్కారాలు.

మేం ముగ్గురం ఇక్కడ కులాసాగానే ఉన్నాం. నువ్వూ, తమ్ముడూ, మరదలూ కూడా అలాగే ఉన్నారని తలుస్తున్నాను. నీ ఉత్తరం అంది పన్నెండు రోజులయింది. ఇంకా జవాబు రాలేదని ఈపాటికి పోస్టుమాన్‌ని నాలుగు దులిపేసి ఉంటావు. ఆయన తప్పేం లేదు. నేనే మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు చింపేశాను. ముందు నువ్వడిగిన వాటికి చెప్తాను.

పాపకి దగ్గు తగ్గింది. నీ మిరియాల కషాయం తాగించడానికి ఇల్లంతా దాని వెనక పరిగెత్తాను. సగం నా చీర మీదే పోసింది. అయినా తగ్గింది కాబట్టి గొప్ప నీదే అనుకో. మీ అల్లుడుగారికి ఫ్యాక్టరీలో మళ్ళీ పగటి డ్యూటీ వేశారు, అందుకని ఇంట్లో కాస్త మనిషిలా కనిపిస్తున్నారు. ఎండలు ముదిరాయి. మనవైపులా ఉక్క పొయ్యదు గానీ, ఇక్కడ బండరాళ్ళు కాగి సాయంత్రం దాకా సెగ కొడుతూనే ఉంటాయి.

నీ ఓటు సంగతి చదివి నవ్వుకున్నాను, తర్వాత నవ్వలేకపోయాను. పార్టీవాళ్ళు ఇంటి ముందుకి రిక్షా పంపితే ఎక్కనన్నావట. వాళ్ళ రిక్షా ఎక్కి ఇంకొకళ్ళకి వేస్తే బాగుండదు, వాళ్ళకే వేద్దామంటే మనసొప్పలేదు, అందుకని నడిచిపోయాను అని రాశావు. అక్కడ నాన్న పేరు అడిగితే నీ నోట రాక, వెనక నిలబడ్డ భ్రమరాంబత్తయ్య చేత చెప్పించావట. నాన్న పోయి నాలుగేళ్ళయినా ఆయన పేరు నువ్వు పలకవని నాకు తెలియదూ. చివర్న, ‘నువ్వు లోపల కూర్చున్నదానివి కదా, మేం వేసినవి నిజంగా లెక్కలోకి వస్తాయా?’ అని అడిగావు. నీది వచ్చిందమ్మా. నువ్వు వేసింది పెట్టెలో పడింది, పెట్టెలోవన్నీ లెక్కపెట్టారు. ఆ విషయంలో నీకే అనుమానం వద్దు.

నా కూతురు ఎలక్షన్ నడిపిందని వీధిలో అందరికీ చెప్తున్నావని తమ్ముడు రాశాడు. దయచేసి ఆ మాట ఆపెయ్యి. ఎందుకో రాస్తాను.

ఈసారి ఆడవాళ్ళ వరుస చూడటానికి ఆడటీచర్లు కావాలన్నారు. మా స్కూలు నుంచి నా పేరు వెళ్ళింది. పోలింగు ముందు రోజు మమ్మల్ని లారీ ఎక్కించి మాదాపూర్ దాకా తీసుకెళ్ళారు. అక్కణ్ణుంచి మూడు మైళ్ళు బండరాళ్ళ మధ్య బాట. పెట్టె, కాగితాల సంచులు ఎడ్లబండి మీద వేసి మేం వెనక నడిచాం. ఊరి పేరు రాయను. ఊరు చేసిన తప్పేం లేదు. మా పోలింగు జట్టుకి పెద్ద సీతారామయ్యగారని ఒకాయన. ఒక ఆఫీసులో హెడ్ గుమాస్తా, వచ్చే ఏడాది రిటైరవుతారు. రూల్సు పుస్తకం చంకలోంచి దించరు. మగవాళ్ళంతా స్కూలు గదిలోనే పడుకున్నారు. ఆ గదికి తలుపు లేదు, ఆడదాన్ని నేనొక్కదాన్నే, అందుకని నన్ను ఊరి పెద్దాయన ఇంట్లో ఆడవాళ్ళ దగ్గరికి పంపారు. భోజనమూ పడకా బాగానే చూశారు.

పొద్దున్న ఏడింటికి వచ్చేసరికి స్కూలు ముందు ఆడవాళ్ళే అరవైమంది ఉన్నారు. పెట్టెలో దాచుకున్న చీరలు కట్టుకుని వచ్చారు. ఎమర్జెన్సీ ఉన్న ఈ రెండేళ్ళూ మేం స్టాఫ్ రూములో కూడా గొంతు తగ్గించి మాట్లాడుకున్నవాళ్ళం. అలాంటిది అంతమంది నోరు విప్పి మాట్లాడుకుంటూ నిలబడి ఉంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఒకావిడ వేలి మీద సిరా ఊదుకుంటూ, ‘కూరల కలుస్తదా ఇది?’ అని అడిగింది. ఇంకొకావిడ ఒక్క చేతికే పెడితే బాగలేదు, రెండో చేతికీ పెట్టమంది. ఇంత పెద్ద పనిలో నాకూ ఒక చెయ్యి ఉందని గర్వపడ్డాను. ఆ గర్వం పదకొండింటి దాకా ఉంది.

నా పని జాబితాలో పేరు వెతికి, లోపల కూర్చున్న పార్టీల ఏజెంట్లకి వినపడేలా చదివి, కింద గీత గీయడం. జాబితాలో ఆడవాళ్ళ పేరు పక్కన భర్త పేరు ఉంటుంది. మీ ఆయన పేరేంటమ్మా అనగానే ప్రతి ఒక్కళ్ళూ నీలాగే తల దించుకోవడం, వెనకావిడ అందుకుని చెప్పడం. నీలమ్మ అనే ఒకావిడ తన ఓటు అయిపోయాక కూడా వెళ్ళకుండా గుమ్మం దగ్గరే కూర్చుని, అందరి మొగుళ్ళ పేర్లూ తనే చెప్పింది. మేం కూడా కాసేపటికి ఆవిడ వైపే చూడటం అలవాటు చేసుకున్నాం.

పదకొండింటికి ఒకామె కొంగు నుదుటి కిందికి లాక్కుని వచ్చింది. పేరు అడిగితే సత్తెమ్మ అంది. నేను అలవాటుగా నీలమ్మ వైపు తిరిగేలోపు, ‘మొగిలి’ అని తనే చెప్పేసింది, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు. పొద్దుట్నుంచి అంతమందిలో మొగుడి పేరు తడుముకోకుండా పలికింది ఆమె ఒక్కతే. నా పెన్సిలు ఆగింది. నీలమ్మ నేలచూపులు చూస్తోంది. ఏజెంట్లలో ఒకడు పెద్దాయన మనిషి, రెండోవాడు బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయాడు. నేను పేరు చదివి గీత గీసేశాను.

రెండు గంటలు దాటాక అసలు సత్తెమ్మ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. జీడిమెట్లలో ఏదో షెడ్డు కడుతుంటే సిమెంటు మొయ్యడానికి వెళ్తుందట. సగం రోజు పని వదిలేసి, ఎండలో అక్కణ్ణుంచి నడిచి వచ్చింది. జుట్టు మీద ఇంకా సిమెంటు దుమ్ము ఉంది. మొగుడి పేరు అడిగితే పెదవి కొరుక్కుని నీలమ్మ వైపు చూసింది. నీలమ్మ, ‘మొగిలి పెండ్లామే ఇది’ అంది, ఈసారి చాలా మెల్లిగా.

‘మీ ఓటు పడిపోయిందమ్మా’ అన్నాను.

ఆమె అరవలేదు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. ‘మూడుమార్లు ఓట్లొచ్చినయ్. ఎప్పుడొచ్చినా గిదే మాట. నీ ఓటు పడ్డది, పో అన్నరు. ఈపారి ఆడామె కూసుంటదని యిన్న. ఆడామె గట్ల అనదని ఒచ్చిన’ అంది.

సీతారామయ్యగారు పుస్తకం తిరగేశారు. ఇలాంటప్పుడు టెండర్డ్ ఓటని ఒకటి ఇవ్వాలి. కాగితం ఇస్తారు, ముద్ర వేయిస్తారు, కానీ పెట్టెలో వెయ్యరు. కవర్లో పెట్టి సీలు వేస్తారు. కోర్టు అడిగితే తప్ప ఆ కవరు ఎవరూ విప్పరు, లెక్కలోకి రాదు. సత్తెమ్మ వేలిముద్ర వేసి, కాగితం తీసుకుని తడిక చాటుకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. వచ్చాక ఆ మడతని రెండు చేతులతో పట్టుకుని పెట్టె వైపు నడుస్తుంటే సీతారామయ్యగారు ఆపి, తీసుకుని కవర్లో పెట్టారు.

‘డబ్బల ఎయ్యరా? అండ్ల ఎందుకు పెడ్తున్నరు?’ అని అడిగింది.

ఆయన నా వైపు చూశారు. ‘మీరు చెప్పండమ్మా, ఆడవాళ్ళు, మీరైతే నచ్చజెప్పగలరు’ అన్నారు. నేను నచ్చజెప్పాను. ‘ఆలస్యంగా వచ్చినవాళ్ళవి కవర్లో పెడతారమ్మా. అన్నీ కలిపే లెక్కపెడతారు’ అన్నాను. సత్తెమ్మ నా బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. ‘సల్లగుండు బిడ్డా. ఏడుంటవ్?’ అంటే బాలానగర్ బళ్ళో పాఠాలు చెప్తానని చెప్పాను. ఆ ఒక్కటే ఆమెతో నేనాడిన నిజం.

ఇంతవరకూ మీ అల్లుడుగారికి చెప్పాను. ‘దొంగ ఓటని అనుమానం వస్తే ఏజెంట్లు చూసుకోవాలి గానీ నువ్వేం చేస్తావు, అంత ఎండలో ఆమెని బాధపెట్టకుండా ఒక మాట చెప్పావు, అంతే కదా’ అన్నారు. నాకు ఆ మాట చాలా హాయిగా అనిపించింది. అదే ఇంకా సిగ్గుగా ఉంది. ఎందుకంటే ఆయనకి నేను సగమే చెప్పాను. మిగతా సగం నీకు రాస్తున్నాను.

పదకొండింటికి వచ్చిన ఆమె మీద నాది అనుమానం కాదమ్మా. ఆమె ఎవరో నాకు తెలుసు. పేరు రుక్కమ్మ. పెద్దాయన ఇంట్లో పనిచేస్తుంది. ముందు రోజు సాయంత్రం నేను కుంటుకుంటూ ఆ ఇంటికి చేరితే వేడినీళ్ళు కాచి ఇచ్చింది. బొబ్బలెక్కిన నా అరికాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని ఆముదం రాసింది. అన్నంలో రెండోసారి నెయ్యి వద్దంటే, ‘జరంత తినమ్మా, రేపంత కూసోవాలె’ అని వేసింది. కొంగు ఎంత కిందికి లాక్కున్నా ఆ చేతులు నాకు తెలియవా. ఆమె కూడా నన్ను చూసింది. ఏమంటావో అన్నట్టు చూసింది.

భయపడ్డానని చెప్పుకుంటే కాస్త మర్యాదగా ఉండేది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, రోజులు బాగాలేవు, పెద్దాయన పలుకుబడి గలవాడు, అని ఎన్నైనా రాసుకోవచ్చు. అదేం కాదు. ఆ క్షణంలో నాకు ఎవరి భయమూ లేదు. ఉన్నదల్లా మొహమాటం. నిన్న కాళ్ళకి ఆముదం రాసిన మనిషిని పట్టుకుని ఇవాళ నువ్వు సత్తెమ్మవి కాదు అని అంతమందిలో ఎలా అనడం అని. మొహమాటానికి పోయి నాది కాని ఓటు ఇచ్చేశాను. నువ్వు రిక్షా ఎక్కకుండా నడిచిపోయావు చూడు, ఆ పాటి ఇంగితం నాకు లేకపోయింది. చదువుకున్నదాన్ని నేను, పిల్లలకి పౌరశాస్త్రం చెప్పేదాన్ని నేను.

పోలింగయిన నాలుగో రోజున సీతారామయ్యగారి ఆఫీసుకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. ‘కాగితాలన్నీ సీలయి వెళ్ళిపోయాయి, ఇప్పుడు నేను రాసినా మీరు రాసినా ఇద్దరమూ పోతాం, ఊరుకోండమ్మా’ అన్నారు. ఊరుకున్నాను. ఆయన్ని ఏమీ అనను. ఆయన టెండర్డ్ ఓటైనా ఇచ్చారు.

మొన్న సోమవారం మధ్యాహ్నం బెల్లు కొట్టాక సత్తెమ్మ మా స్కూలు గేటు దగ్గరికి వచ్చింది. పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది. కొంగులో చింతచిగురు కట్టుకొచ్చింది, నా కోసం. ‘నేనేసిన గుర్తే గెలిచిందట బిడ్డా. రేడియోల చెప్పిన్రట. నాది గూడ అండ్ల ఉన్నది గద’ అంది. ముఖం వెలిగిపోతోంది. కొంగు ముడి విప్పి చిగురు నా చేతుల్లో పెట్టబోయింది. నాకు చేతులు రాలేదమ్మా.

చెప్పేశాను. ఆ కవరు విప్పలేదని, విప్పరని, నీ ఓటు లెక్కలో లేదని చెప్పాను. నీ పేరు మీద వచ్చినామె ఎవరో నాకు తెలిసీ గీత గీశానని చెప్పాను. పేరు మాత్రం చెప్పలేదు.

‘రుక్కమ్మేనా?’ అంది తనే.

నేను తల దించుకున్నాను.

‘దానిదేమున్నది. పెద్దాయిన పొమ్మంటే ఒచ్చింది. నీకైతే దెలుసు గద’ అంది.

తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండుననిపించింది. ఆమె చింతచిగురు మళ్ళీ కొంగులో పోసుకుని, ఒక్క ఆకు కింద పడకుండా ముడేసుకుంది. కాసేపు రోడ్డు వైపు చూసి, ‘మల్ల ఎప్పుడొస్తయ్ ఓట్లు?’ అని అడిగింది. అసెంబ్లీకి వచ్చే ఏడాది ఉండొచ్చంటున్నారని చెప్పాను.

‘అయితే ఒస్త. ఈపారి పనికి పోను. పొద్దు పొడవకముందే ఒచ్చి నిలవడ్త’ అంది. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది.

‘నువ్వు రాకు బిడ్డా. ఇంకెవ్వలనన్న పంపమను.’

కోపంగా అనలేదు. ఎండలో పోతున్నావు, గొడుగు తీసుకో అన్నట్టు అంది. సరేనన్నాను.

నిన్న హెడ్‌మిస్ట్రెస్ గారికి కాగితం రాసిచ్చాను, ఎలక్షన్ పనికి నా పేరు ఇకమీదట పంపవద్దని. కారణం రాయమంటే అనారోగ్యం అని రాశాను. అక్కడ కూడా నిజం రాయలేకపోయాను.

ఇట్లు,
నీ ముందు తల ఎత్తలేక రాస్తున్న
నీ కూతురు,
పద్మావతి.