రెమ్మకు ఐదాకులు

కార్తీక సోమవారం

ఉపవాసంతో చేను దాకా నడిచినందుకు కాళ్లు లాగుతున్నాయి. తమ్ముడు శీను తన ఎర్రచందనం చెట్లను రికార్డుల్లో రాయించుకోవడానికి రేపు అటవీశాఖ వాళ్లను రమ్మన్నాడు. మొక్కలు అమ్మినవాడి మాట నమ్మి ఆరేళ్లుగా పెంచుతున్నాడు. మిరప మాని చెట్లేందని అందరూ నవ్విన రోజు వాడి పక్షాన మాట్లాడింది నేనొక్కదాన్నే.

ఈరోజు కత్తితో బెరడు గీసి, "చూడక్కా, రక్తం మాదిరి ఎట్టా కారతందో!" అని మురిసిపోయాడు. ఎర్రచందనమంత ధర పలకని ఏగిస చెట్టుకూ అలాగే కారుతుంది. నాన్న మా గుమ్మాలు ఆ కర్రతోనే చేయించాడు. ఎర్రచందనానికైతే రెమ్మకు మూడేసి ఆకులుంటాయి. కొమ్మ వంచి చూశాను. ఐదు, ఏడు, మళ్లీ ఐదు.

"ఏందక్కా, పూజకు మారేడు పత్రి ఏరినట్టు లెక్కపెడతన్నావు?" అని నవ్వాడు.

రేపు పరాయివాళ్ల నోట వినడం కంటే నయమనుకుని చెప్పేశాను. "ఒరేయ్ శీనూ, ఇయ్యి ఏగిస చెట్లురా."

వాడు వెళ్లి మోటారు వేశాడు. "ఏ చెట్లయితే ఏంది, వాటికీ దప్పికవుద్ది గదక్కా" అన్నాడు.

సాయంత్రం శివుడి ముందు దీపం పెట్టాను గానీ, వాడి కోసం ఏమడగాలో తోచలేదు.